అమ్ముడైన సీటు, రాని మనిషి: ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ కేసు

ఒక కాలేజీ జట్టు ఆటలకు జనం ఎందుకు తగ్గుతున్నారో కనిపెట్టాల్సిన ఈ కేసులో మొదటి ఆరు నెలలు నేను తప్పు అంకె పట్టుకుని కూర్చున్నాను. అందుకే రాస్తున్నాను. సజావుగా సాగిన పని గురించి రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు.

యూనివర్సిటీ పేరు, రాష్ట్రం చెప్పను. అమెరికా మధ్య పశ్చిమంలో, మంచు బాగా కురిసే చోట ఒక ప్రభుత్వ యూనివర్సిటీ అనుకోండి. టికెట్ల లెక్కలు ఎవరూ గుర్తుపట్టకుండా కొంచెం అటూ ఇటూ జరిపాను. మనుషుల వివరాలూ మార్చాను.

నేపథ్యం

మన దగ్గర కాలేజీ బాస్కెట్‌బాల్ అంటే సిమెంటు కోర్టు, పీఈటీ మాస్టారి విజిలు, చుట్టూ ఆడేవాళ్ళ స్నేహితులు ఓ ముప్పై మంది. అక్కడ సంగతి వేరు. డివిజన్ వన్ అనే పై శ్రేణిలోనే 350కి పైగా కాలేజీ జట్లున్నాయి. మార్చిలో దేశమంతా చూసే టోర్నమెంటుకు వెళ్ళేవి 68. మిగతావాటి బతుకంతా నవంబరు నుంచి మార్చి మొదటి వారం దాకా సొంత ఊళ్ళో ఆడే పదిహేను పదహారు ఆటల మీదే. ప్రొఫెషనల్ జట్టు లేని ఊరికి కాలేజీ జట్టే ఊరి జట్టు. సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడే ఆ చలికాలంలో అరీనాకు వెళ్ళడమంటే సంతకు వెళ్ళడం లాంటిది. కొనేదేమీ లేకపోయినా వెళ్తారు, నలుగురూ కనిపిస్తారని.

ఎంఎస్‌కి వచ్చిన కొత్తలో నేను ఇలాంటి అరీనా గేటు దగ్గరే టికెట్లు స్కాన్ చేశాను. విద్యార్థి వీసా మీద వారానికి 20 గంటలు దాటకుండా, క్యాంపస్‌లోనే పని చేసుకోవాలి కదా. అప్పటికి ఆట నియమాలు నాకు సగమే తెలుసు. స్కానర్ కూతను బట్టి మాత్రం ఈ రోజు జనం ఎంతమందో చెప్పగలిగేవాణ్ణి. తర్వాత అదే వృత్తి అయింది. కాలేజీల అథ్లెటిక్స్ విభాగాలకు, అంటే అన్ని ఆటల జట్లనూ నడిపే విభాగాలకు, టికెట్ల లెక్కలు చూసి పెడతాను.

వాళ్ళు తెచ్చిన సమస్య

ఆ విభాగానికి అధిపతి అయిన అథ్లెటిక్ డైరెక్టర్ మొదటి మీటింగులో ఒక కాగితం నా ముందు పెట్టారు. పురుషుల జట్టు సీజన్ టికెట్లు, అంటే సీజన్ మొత్తానికి ఒకే సీటు ముందే కొనుక్కునేవి, ఏడేళ్ళలో దాదాపు 4,000 నుంచి 2,500కి జారాయి. మధ్యలో ఒక సీజన్ జట్టు ఇరవైకి పైగా ఆటలు గెలిచింది. ఆ ఏడు కూడా తగ్గాయి. ఆయన్ని కంగారు పెట్టింది అదే. ఓడిపోతే జనం రారు, అది ఎవరికైనా అర్థమవుతుంది. గెలిచినా రాకపోతే ఎవరిని అడగాలి?

గదిలో తలా ఒక కారణం చెప్పారు. మార్కెటింగ్ వాళ్ళు టీవీని తప్పుపట్టారు. 2018 ఏప్రిల్‌లో ఈఎస్‌పీఎన్ ప్లస్ అనే స్ట్రీమింగ్ సర్వీసు మొదలయ్యాక, ఈ స్థాయి కాన్ఫరెన్సుల (తమలో తాము ఆడుకునే కాలేజీల కూటముల) ఆటలు చాలావరకు నెలకు కొద్ది డాలర్లకే సోఫాలోకి వచ్చేశాయి. కోచింగ్ సిబ్బంది ట్రాన్స్‌ఫర్ పోర్టల్ పేరెత్తారు, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే జాబితా అది. 2021 నుంచి ఆటగాడు ఒకసారి కాలేజీ మారినా ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదు. 2024లో ఆ 'ఒకసారి' కూడా పోయింది, చదువులో అర్హత ఉంటే ఎన్నిసార్లైనా మారవచ్చు. 2021 జులై 1 నుంచి తమ పేరు మీద, బొమ్మ మీద డబ్బు సంపాదించుకునే హక్కు కూడా ఆటగాళ్ళకు వచ్చింది. ఎన్‌ఐఎల్ అనేది దాన్నే. డబ్బున్న కాలేజీ పిలిస్తే చిన్న కాలేజీలో మంచి ఆటగాడు రెండో ఏడు ఆగడం కష్టం. 2022లో జెర్సీ సిటీలోని సెయింట్ పీటర్స్, మనవాళ్ళు వేలల్లో ఉండే ఊరిలోని చిన్న కాలేజీ, ఆ మార్చి టోర్నమెంటుకు పదిహేనో సీడుగా, అంటే తన విభాగంలో దాదాపు అట్టడుగు ర్యాంకుతో వచ్చి చివరి ఎనిమిది జట్లలో నిలిచింది. అంతకు ముందు ఏ పదిహేనో సీడూ అంత దూరం వెళ్ళలేదు. ఆ వసంతం ముగిసేలోపే కోచ్ వెళ్ళిపోయాడు, ముఖ్యమైన ఆటగాళ్ళలో చాలామంది వేరే కాలేజీలకు మారిపోయారు.

అన్నీ నిజాలే. అవి చాలు అనుకోవడమే నా మొదటి పొరపాటు. టీవీ, పోర్టల్ ఊరందరికీ సమానంగా తగిలే దెబ్బలు. అవే కారణమైతే అరీనా అంతటా ఒకే తీరున జనం తగ్గాలి. తగ్గారా అని నేను చూడలేదు. చూడాల్సిందన్న సంగతే ఆరు నెలల తర్వాత తట్టింది.

తప్పు అంకె

ఆట రెండో సగంలో మైకులో 'ఈ రోజు హాజరు' అని ఒక అంకె చదువుతారు. అది ఎక్కువ చోట్ల అమ్మినవి, పంచినవి కలిపిన టికెట్ల లెక్క. గేటు దగ్గర స్కాన్ అయిన లెక్క వేరు. దాన్ని ఎవరూ మైకులో చదవరు. నేను పని మొదలుపెట్టింది మైకు అంకెతో, ఎందుకంటే ఏడేళ్ళ రికార్డు చక్కగా ఎక్సెల్‌లో ఉన్నది అదే. స్కాన్ ఫైళ్ళు పాత టికెట్ సాఫ్ట్‌వేర్‌లో, వేరే ఫార్మాట్‌లో, ఎవరికీ పాస్‌వర్డ్ గుర్తులేని చోట ఉన్నాయి. దొరికిన అంకెతో పని కానిచ్చేశాను. గేటు దగ్గర నిలబడి పనిచేసినవాణ్ణి, కనీసం నాకైనా తట్టాలి.

ఆ అంకె ఏం చెప్పిందంటే, ఒక్కో ఆటకు విడి టికెట్లు కొనేవాళ్ళు తగ్గుతున్నారని. కాబట్టి మందు కూడా విడి టికెట్లకే వేశాం.

డాలర్‌కు హాట్‌డాగ్ రాత్రులు పెట్టాం. టీషర్టులు పంచాం. ఆ రాత్రి జనం వచ్చారు, తర్వాతి ఆటకు మళ్ళీ ఖాళీ. అది ముందే ఊహించాం. ఊహించనిది ఇంకొకటి జరిగింది. కోర్టుకు దగ్గరగా ఉండే కింది అంతస్తులో ఏడాదికి వందల డాలర్లు పోసి కూర్చున్న ఒకాయన, పక్క సీటాయన గ్రూప్ ఆఫర్‌లో ఐదు డాలర్లకు వచ్చాడని తెలుసుకుని టికెట్ ఆఫీసుకు వచ్చి గట్టిగానే అడిగాడు. మా దగ్గర జవాబు లేదు.

విద్యార్థుల కోసం ఫోన్ యాప్ పెట్టి, ఆటకొస్తే పాయింట్లు, పాయింట్లకు బహుమతులు అన్నాం. వచ్చారు. అరీనాలో చెక్-ఇన్ నొక్కారు. హాఫ్‌టైమ్‌కు వెళ్ళిపోయారు. రెండో సగంలో కూడా చెక్-ఇన్ పెడితే, ఒకడి చేతిలో నలుగురి ఫోన్లు కనిపించాయి. ఇంజనీరింగ్ కాలేజీలో ప్రాక్సీ అటెండెన్స్ వేసినవాణ్ణి, నాకు కోపం రాలేదు.

ఒకసారి భారతీయ సంస్కృతి రాత్రి కూడా పెట్టారు. నేను వద్దనే చెప్పాను, కానీ గట్టిగా చెప్పలేదు. హాఫ్‌టైమ్‌లో మన తెలుగు పిల్లల డాన్సు. తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మలు, మొత్తం రెండు వందల మందికి పైనే వచ్చారు. డాన్సు అయింది, వీడియోలు తీసుకున్నారు, పిల్లలకు కోట్లు తొడిగి ఇంటికి తీసుకెళ్ళారు. రెండో సగం మొదలయ్యేసరికి ఆ రెండు సెక్షన్లు ఊడ్చినట్టున్నాయి. వాళ్ళ తప్పేమీ లేదు. మనం పిలిచింది పిల్లల డాన్సుకు, వాళ్ళు వచ్చిందీ దానికే.

పై అంతస్తు ధర తగ్గించడం మాత్రం నా సలహా. ధర ఎక్కువని మానేసినవాళ్ళు తిరిగి వస్తారని నా తర్కం. మానేసినవాళ్ళు రాలేదు. కింద కూర్చునేవాళ్ళలో కొందరు పైకి మారి డబ్బు మిగుల్చుకున్నారు. జనం అంతే ఉన్నారు, రాబడి తగ్గింది. సీజన్ చివర ఆ స్లైడు నేనే చూపించాల్సి వచ్చింది.

ఫోన్లు

ఆ తర్వాతే స్కాన్ ఫైళ్ళు తవ్వించాను. మూడు వారాలు పట్టింది. తెరిచి చూస్తే, సీజన్ టికెట్ కొన్న నూరు సీట్లలో ఒక సగటు రాత్రి దాదాపు నలభై ఖాళీ. డబ్బు కట్టినవాళ్ళే రావడం లేదు. ఇంకా పరిశీలిస్తే ఒక క్రమం కనిపించింది. మనిషి ముందు ఆటలకు రావడం తగ్గిస్తాడు, అయినా అలవాటుగా రెన్యూ చేస్తాడు, ఒకటి రెండేళ్ళ తర్వాత మానేస్తాడు. మేము చూస్తున్నది మూడో అడుగు మాత్రమే. మొదటి అడుగు రెండేళ్ళ కిందట, ఎవరికీ కనపడకుండా పడిపోయింది.

పదేళ్ళకు పైగా టికెట్ ఉంచుకుని మానేసినవాళ్ళ జాబితా తీశాను. మామూలుగా వాళ్ళకు ఈమెయిల్ సర్వే పంపుతాం. అప్పటికే రెండుసార్లు పంపారు, రెండుసార్లూ 'ధర' అనే గడి గెలిచింది. సర్వేలో ధర అని టిక్కు పెట్టడం తేలిక, మర్యాద కూడా. ఎవరి మనసూ నొప్పించదు. ఈసారి ఫోన్ చేద్దామన్నాను. అరవై మందికి చేశాం, సగం నేనే.

నాలుగో ఐదో ఫోన్ ఒక రిటైర్డ్ టీచర్‌గారికి. ఆవిడ కూడా ధర అనే మొదలుపెట్టారు. ఇంకేం అడగాలో తోచక, చివరిసారి వచ్చినప్పుడు మీ పక్కన ఎవరు కూర్చున్నారండీ అన్నాను. కాసేపు మాట లేదు.

"ఎవరూ లేరు. అదే కదా నేను చెప్తున్నది" అన్నారు.

ఆవిడ అప్పటిదాకా అది చెప్పనే లేదు. కానీ చెప్పాననే అనుకున్నారు. మిగతా అందరినీ ఆ ప్రశ్నే అడిగాను.

జరిగింది ఇది. అక్కడి కాలేజీ ఆటల్లో మంచి సీటు కావాలంటే టికెట్ ధరతో పాటు అథ్లెటిక్స్ ఫండ్‌కు విరాళం ఇవ్వాలి. 2017 డిసెంబరు దాకా ఆ విరాళంలో 80 శాతాన్ని పన్ను లెక్కల్లో మినహాయించుకునే వీలుండేది. ఆ నెల వచ్చిన పన్ను చట్టం దాన్ని తీసేసింది. విరాళాలు పడిపోతాయని భయపడ్డ ఈ విభాగం మరుసటి వేసవిలో రీసీటింగ్ చేసింది. అంటే ఇన్నేళ్ళుగా ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నది చెరిపేసి, విరాళాల పాయింట్ల ప్రకారం సీట్లు కొత్తగా పంచడం. చాలా కాలేజీలు చేసే పనే. కాగితం మీద న్యాయంగానే ఉంటుంది. ఎక్కువ ఇచ్చినవాడికి ముందు సీటు.

ఆ టీచర్‌గారి వరుసలో ఎనిమిది మంది పాతికేళ్ళుగా పక్కపక్కన కూర్చున్నారు. చుట్టాలు కారు. బయట ఒకరింటికొకరు వెళ్ళినవాళ్ళూ కారు. కానీ ఒకరి మనవడి పుట్టుక, ఇంకొకరి మోకాలి ఆపరేషన్ అన్నీ ఆ సీట్లలోనే తెలిసేవి. ఒకాయన ఊళ్ళో లేకపోతే తన టికెట్ కాగితం ముందు ఆటలోనే పక్కాయన చేతిలో పెట్టి 'మీ అబ్బాయిని తీసుకురండి' అనేవాడు. రీసీటింగ్‌తో ఆ ఎనిమిది మంది నాలుగు సెక్షన్లకు చెదిరారు. తర్వాత టికెట్లన్నీ ఫోన్లోకి మారాయి. పక్కవాడికి ఇవ్వాలంటే యాప్, ఈమెయిల్, పాస్‌వర్డ్. డెబ్బై ఏళ్ళాయన ఆ గొడవ పడడు, సీటు ఖాళీగా ఉండిపోతుంది. ఆ తర్వాత కోవిడ్ శీతాకాలం వచ్చి, ఇంట్లో కూర్చోవడమూ అలవాటే అవుతుందని అందరికీ నేర్పింది.

మంచి కథ దొరకగానే నాకు అనుమానం మొదలవుతుంది. అరవై ఫోన్లలో మనం వినాలనుకున్నదే వింటాం. అందుకని పాత సీట్ల మ్యాపు, కొత్త మ్యాపు పక్కపక్కన పెట్టి ఒక్కో అకౌంటుకు ఒకటే ప్రశ్న వేశాను: రీసీటింగ్ తర్వాత కుడి, ఎడమ పక్కలవాళ్ళలో ఒక్కరైనా పాతవాళ్ళు మిగిలారా? మిగిలినవాళ్ళు చాలా ఎక్కువగా రెన్యూ చేశారు. ఇందులో ఒక మెలిక ఉంది. కదలకుండా ఉండగలిగినవాళ్ళు ఎక్కువ విరాళం ఇచ్చినవాళ్ళు, వాళ్ళు ఎలాగూ నిలబడే రకం కావచ్చు. కాబట్టి ఒకే విరాళం స్థాయిలో ఉన్నవాళ్ళను మాత్రమే ఒకరితో ఒకరిని పోల్చాను. తేడా కాస్త తగ్గింది కానీ పోలేదు. అదే జట్టు, అదే ధర, అదే పోర్టల్. ఒక వరుస ఖాళీ అయింది, దాని వెనక వరుస నిండుగా ఉంది.

పోర్టల్ ప్రభావం లేదని నేను అనను. "పేర్లు నేర్చుకునేలోపు వెళ్ళిపోతున్నారు" అన్న మాట చాలా ఫోన్లలో విన్నాను. ఒక సీజన్లో స్కాలర్‌షిప్ మీద ఉన్న 13 మందిలో తొమ్మిది మంది కొత్తవాళ్ళు. అయితే నాకు అర్థమైనది ఇది: ఆటగాళ్ళు వచ్చి పోతుండటం ఎప్పుడూ ఉన్నదే, నాలుగేళ్ళకు ఎలాగూ పట్టా పుచ్చుకుని వెళ్తారు. మారని భాగం ప్రేక్షకులు. మారే భాగం వేగం పెరిగిన కాలంలోనే మారని భాగాన్ని కూడా మేమే చెల్లాచెదురు చేశాం.

అదే బిల్డింగులో

దీన్ని తేల్చిన సంగతి యాదృచ్ఛికంగా దొరికింది. మహిళల జట్టు ఆట ఒకదానికి వేరే పని మీద వెళ్ళాను. అప్పటికి దేశమంతా మహిళల ఆట ఊపు మీద ఉంది. 2023 అక్టోబరులో అయోవా యూనివర్సిటీ తన ఫుట్‌బాల్ స్టేడియంలో కోర్టు పరిచి, అప్పటి స్టార్ క్రీడాకారిణి కైట్లిన్ క్లార్క్ ఉన్న తన జట్టుతో ఒక ప్రదర్శన ఆట ఆడిస్తే 55,646 మంది వచ్చారు. 2024లో మహిళల ఫైనల్‌ను టీవీలో చూసినవాళ్ళు పురుషుల ఫైనల్ చూసినవాళ్ళకంటే ఎక్కువ. ఇక్కడ కూడా జనం పెరుగుతున్నారని తెలుసు, అది క్లార్క్ గాలి అనుకున్నాం.

మహిళల ఆటల్లో ఇక్కడ సీటు నంబర్లు లేవు, ఎక్కడైనా కూర్చోవచ్చు. మూల సెక్షన్‌లో ఐదుగురు పెద్దవాళ్ళు ఒక చోట కూర్చుని పాప్‌కార్న్ పంచుకుంటున్నారు. అందులో ఇద్దరి గొంతులు నేను ఫోన్లో విన్నవి. టీచర్‌గారు మాత్రం నన్ను గుర్తుపట్టలేదు, నేనే వెళ్ళి చెప్పాను. వాళ్ళ పాత వరుసలో మిగిలిన ఐదుగురూ అక్కడే ఉన్నారు. మేము పోయారనుకున్నవాళ్ళు అదే బిల్డింగులో, అదే గేటు గుండా, వేరే రోజున వస్తున్నారు. మహిళల జట్టు టికెట్లు వేరే ఫైలు. రెండు ఫైళ్ళను ఎవరూ ఎప్పుడూ కలిపి చూడలేదు.

పనిచేసినవి

డైరెక్టర్ ముందు పెట్టిన ప్రతిపాదన చిన్నది. నాలుగు నుంచి పన్నెండు సీట్ల దాకా ఎవరైనా కలిసి అడిగితే, విరాళం పాయింట్లతో పని లేకుండా ఒక చోట ఇద్దాం. ఆయన అభ్యంతరం సరైనదే. పాయింట్లు పక్కన పెడితే పెద్ద బూస్టర్లు, అంటే భారీగా విరాళాలిచ్చేవాళ్ళు, ఊరుకోరు, వాళ్ళ డబ్బు లేకపోతే విభాగం నడవదు. అందుకని కోర్టు పొడవునా పక్కన ఉండే మంచి సైడ్‌లైన్ సీట్లు ముట్టుకోలేదు. ఎలాగూ సగం ఖాళీగా ఉన్న రెండు మూల సెక్షన్లు తీసుకున్నాం. వాటికి బూస్టర్లు పోటీ పడరు, పాతవాళ్ళకు మూలైనా పట్టింపు లేదు.

రెండోది, వరసగా రెండు ఆటలకు స్కాన్ కాని సీజన్ టికెట్ అకౌంటుకు ఫోన్ చేయడం. అమ్మడానికి కాదు. బాగున్నారా, ఈ వారం టికెట్ ఎవరికైనా పంపి పెట్టమంటారా అని. ప్రతిసారీ ఒకే మనిషి చేయాలన్నది నియమం. టికెట్ ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా ఉన్న ఒకావిడ ఈ పని తీసుకున్నారు. యాప్ తెలియనివాళ్ళ టికెట్‌ను ఆవిడే అడిగిన చోటికి పంపేవారు.

మూడోది ఆట సమయం. కాన్ఫరెన్స్ ఆటల వేళ టీవీ ఒప్పందాల్లో ఇరుక్కుని ఉంటుంది, మా చేతిలో లేదు. నవంబరు, డిసెంబరు నెలల్లో బయటి జట్లతో ఆడే ఆటలు కొన్ని మా చేతిలో ఉన్నాయి. వాటిని ఏడున్నర నుంచి ఆరుకు జరిపాం. డెబ్బై ఏళ్ళ మనిషి రాత్రి పదింటికి మంచులో కారు నడపాలంటే జంకుతాడన్నది లెక్కలు లేకుండానే తెలియాల్సిన విషయం.

రెండు సీజన్ల తర్వాత మానేసేవాళ్ళ సంఖ్య తగ్గింది, నూరు సీట్లలో అరవై నిండే చోట డెబ్బై దాటాయి. మొత్తం సీజన్ టికెట్లు పాత నాలుగు వేలకు దరిదాపుల్లోకి కూడా రాలేదు. పైగా రెండో ఏడు జట్టు బాగా ఆడింది. కాబట్టి ఈ పెరుగుదలలో మా వాటా ఎంత, గెలుపు వాటా ఎంత అంటే నిజాయితీగా విడదీయలేను. మూల సెక్షన్ల వాళ్ళ హాజరు మిగతా అరీనా కంటే ఎక్కువ పెరిగిందన్నది ఒక్కటే గట్టిగా చెప్పగలను.

కలపలేకపోయిన వరుసలూ ఉన్నాయి. ఒక గుంపుకు ఫోన్ చేస్తే ఆరుగురిలో ఇద్దరు చనిపోయారు, ఒకాయన ఫ్లోరిడాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. మిగిలిన ముగ్గురూ వద్దన్నారు. అలాంటివాళ్ళ విషయంలో మేము నాలుగేళ్ళు ఆలస్యం. విద్యార్థుల సెక్షన్ సంగతి ఇప్పటికీ తేలలేదు. కొత్తగా వచ్చే అంతర్జాతీయ విద్యార్థులకు, అందులో మన హైదరాబాద్ పిల్లలే ఎక్కువ, మొదటి ఆటకు పక్కన ఒక సీనియర్‌ను కూర్చోబెట్టి నియమాలు చెప్పిస్తున్నాం. కొద్దిమంది మళ్ళీ వస్తున్నారు, ఎప్పుడూ ఇద్దరు ముగ్గురుగా కలిసే. ఒంటరిగా వచ్చినవాడు రెండోసారి రావడం ఇంతవరకు నేను చూడలేదు.

2025 జూన్‌లో, ఆటగాళ్ళ చెల్లింపుల మీద నడిచిన హౌస్ కేసు రాజీకి కోర్టు ఆమోదం దొరికాక, కాలేజీలు ఆటగాళ్ళకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు. మొదటి ఏడాదికి పరిమితి ఒక్కో కాలేజీకి దాదాపు 2.05 కోట్ల డాలర్లు. ఇలాంటి విభాగం అందులో చిన్న భాగం కూడా ఇచ్చే స్థితిలో లేదు, అయినా ఎంతో కొంత కూడబెట్టాలి. ఈ వేసవిలో రీసీటింగ్ మాట మళ్ళీ మొదలైంది. మ్యాపు పంపమని నాకు ఈమెయిల్ వచ్చింది. పంపాను. విరాళం పాయింట్ల కాలమ్ పక్కన ఇంకో కాలమ్ చేర్చాను: ఈ సీటు పక్కన ఎవరు, ఎన్నేళ్ళుగా. జవాబు ఇంకా రాలేదు.